సగం సామాన్లు లేని పాత కారు కార్బురేటర్: బాగుచేయించాలా, వదిలేయాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పాత అంబాసిడర్, పద్మిని, విల్లీస్ జీపు పెట్టుకున్నవాళ్లు కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే భాగం) గురించి అడిగే సందేహాలు తిరిగి తిరిగి అవే. అందుకే ఒకచోట చేర్చాం. దేనికది విడిగా చదువుకోవచ్చు.

## కొనే ముందు

పాత సామాన్ల అంగట్లో సగం కార్బురేటర్ ఒకటి ఉంది. తీసుకోవచ్చా?

ఎన్ని పోయాయో లెక్కపెట్టకండి, ఏవి పోయాయో చూడండి. జెట్లు (పెట్రోలు, గాలి కొలతగా పోయే రంధ్రమున్న చిన్న ఇత్తడి ముక్కలు), పాకింగులు, నీడిల్ వాల్వ్ (పెట్రోలు రాకను ఆపే సూది), స్ప్రింగులు, పంపు డయాఫ్రం (పల్చటి పొర), స్క్రూలు అన్నీ లేకపోయినా ఎక్కడో ఒకచోట సంపాదించుకోవచ్చు. పోత పోసిన భాగాలు అలా కాదు. బాడీ, పైమూత, బటర్‌ఫ్లై (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గుండ్రటి రేకు) తిరిగే అడుగుభాగం, వీటిలో ఒక్కటి లేకున్నా అదే మోడల్‌ది ఇంకో కార్బురేటర్ చేతిలో ఉంటే తప్ప కొనకండి. లేత్ మీద షాఫ్ట్ (ఆ రేకును తిప్పే కడ్డీ) చేయవచ్చు, బుష్ (కడ్డీ తిరిగే రంధ్రంలో బిగించే చిన్న గొట్టం) చేయవచ్చు, బాడీ చేయలేం.

ఈ రెండింటికీ మధ్య చాలామంది గమనించని మూడో రకం ఒకటుంది: బయట వేలాడే లివర్లు, కామ్‌లు, చోక్ వైరు పట్టే బ్రాకెట్లు. చూడ్డానికి రేకు ముక్కల్లా ఉంటాయి. కానీ ఒక్కో కారుకు ఒక్కో వంపు, ఒక్కో పొడవు. రిపేర్ కిట్లలో ఇవి రావు. జెట్లన్నీ ఉండి లివర్లు లేని కార్బురేటర్ కంటే, లివర్లన్నీ ఉండి జెట్లు లేనిదే మంచి బేరం.

నంబరు బిళ్ల ఊడిపోయింది. ఇది ఏ కారుదో ఎలా తెలుసుకునేది?

ముందు గాలి ఎటునుంచి ఎటు పోతుందో చూడండి. అడ్డంగా పోతే, పైన గంట ఆకారంలో టోపీ ఉంటే ఎస్‌యూ కంపెనీది. పైనుంచి కిందికి పోతే సోలెక్స్, కార్టర్, జెనిత్ కంపెనీలలో ఒకదానిది కావచ్చు. పేరు పోతలోనే ఉబ్బెత్తుగా ఉంటుంది, బ్రష్‌తో మడ్డి తుడిస్తే కనిపిస్తుంది. ఎస్‌యూకు టోపీ స్క్రూ కింద ఏయూసీ లేదా ఏయూడీ అని మొదలయ్యే నంబరు బిళ్ల ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపుది కార్టర్ డబ్ల్యూఓ, నంబరు 539ఎస్. దాని బిళ్ల పైమూత స్క్రూకు తగిలించి ఉంటుంది.

బిళ్లే లేకపోతే వెర్నియర్ తీయండి. బటర్‌ఫ్లై ఉన్నచోట లోపలి వ్యాసం, ఫ్లాంజ్ (ఇంజన్ వైపు బిగించే చదునైన అంచు) బోల్టు రంధ్రాల మధ్య దూరం, ఈ రెండూ రాసుకుని మీ మానిఫోల్డ్‌తో (కార్బురేటర్ కూర్చునే ఇంజన్ గొట్టంతో) పోల్చండి. ఒక తిరకాసు: ఒకటింబావు అంగుళం ఎస్‌యూ కొలిస్తే 31.75 మి.మీ. వస్తుంది, సోలెక్స్ 32 కొలిస్తే 32. కొలత దాదాపు ఒకటే, ఒకదానికొకటి సంబంధం లేదు. ఫోన్‌లో కొలత మాత్రం చెప్పి బేరం కుదుర్చుకున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

అంబాసిడర్లలో ఎస్‌యూ ఉన్నవీ, సోలెక్స్ ఉన్నవీ రెండూ ఉన్నాయి. కాబట్టి ‘అంబాసిడర్ కార్బురేటర్’ అన్న మాట ఒక్కదాన్నే నమ్ముకోకండి.

బాడీ మీద తెల్లటి పొడి ఉంది. పనికిరాదా?

పాత కార్బురేటర్లలో చాలావాటి బాడీ జింక్ మిశ్రమం. నీళ్లు నిలిచినచోట జింక్ తెల్లగా పొడి కడుతుంది. ముదురు బూడిదరంగు మాత్రం సహజం, దాన్ని చూసి భయపడొద్దు.

ఇత్తడి బ్రష్‌తో పొడి రాల్చి కింద ఏముందో చూడండి. ఫ్లోట్ (పెట్రోలులో తేలే బుడ్డి) ఉండే గిన్నె అడుగున గుంటలు పడినా, గోడ మందం మిగిలి ఉంటే నడుస్తుంది. అదే గుంట జెట్టు కూర్చునే చోటో, నీడిల్ వాల్వ్ సీటు మర దగ్గరో, పాకింగ్ కూర్చునే అంచునో ఉంటే పెట్రోలు అక్కడినుంచి దారి చేసుకుంటుంది. చిన్న స్క్రూడ్రైవర్ మొనతో నొక్కండి. గట్టిగా ఉంటే సరే. పొరలు పొరలుగా లేస్తే, లేదా చెట్టు బెరడులా సన్నని పగుళ్ల అల్లిక కనిపిస్తే, ఆ లోహం లోపలినుంచే కుళ్లుతోంది. కరిగించి పోసిన నాడు జింక్‌లో సీసం లాంటి మలినాలు కలిస్తే ఇలా అవుతుంది. దానికి మందు లేదు. ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి.

పగులు కంటికి కనపడ్డం లేదు, అనుమానం మాత్రం ఉంది. ఇంట్లో ఎలా చూసేది?

కిరోసిన్, సుద్దపొడి చాలు. భాగాన్ని శుభ్రం చేసి గంటసేపు కిరోసిన్‌లో ముంచండి. తీసి పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, పైన సుద్దపొడి పల్చగా చల్లండి. పది, పదిహేను నిమిషాల్లో పగులులోకి దిగిన కిరోసిన్ బయటికి ఊరి, పొడి మీద తడిగీత గీస్తుంది. ఫ్లాంజ్ చెవుల మొదట్లో, పెట్రోలు గొట్టం బిగించే చోట, పైమూత స్క్రూ రంధ్రాల చుట్టూ చూడండి. అతిగా బిగించినవాళ్ల చేతిబలమంతా అక్కడే పడుతుంది.

ఫ్లాంజ్ చెవి విరిగితే అల్యూమినియం బాడీకి ఆర్గాన్ వెల్డింగ్ చేయించవచ్చు. జింక్ బాడీకి మామూలు వెల్డింగ్ షెడ్డులో చేయిస్తే చెవి అతకడం కాదు, మిగిలినదీ కారిపోతుంది.

## విప్పేటప్పుడు

స్క్రూలు బిగుసుకుపోయాయి. గ్యాస్ మంట పెట్టొచ్చా?

వద్దు. జింక్ మిశ్రమం దాదాపు 385 డిగ్రీలకే కరుగుతుంది. రంగు మారదు, ముందుగా ఏ సూచనా ఇవ్వదు, ఒక్కసారిగా కుంగిపోతుంది. లోపల పెట్రోలు మిగిలి ఉంటే ఆ ప్రమాదం వేరే. తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి ఉంచండి. తర్వాత మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి తీసి, గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తో ముందు కొద్దిగా బిగించే వైపు, ఆ తర్వాత విప్పే వైపు తిప్పండి.

బటర్‌ఫ్లై రేకును పట్టే రెండు చిన్న స్క్రూల సంగతి వేరు. నడుస్తుండగా ఊడి ఇంజన్‌లో పడకుండా వాటి కొసలు చీల్చో, నలగ్గొట్టో ఉంటారు. ఆ ఉబ్బును సన్న ఆకురాయితో అరగదీయకుండా తిప్పితే షాఫ్ట్‌లోని మర పోతుంది, లేదా స్క్రూ అందులోనే విరుగుతుంది. రేకు తీసేముందు ఏ ముఖం పైకి ఉందో గుర్తు పెట్టుకోండి. దాని అంచు ఏటవాలుగా కోసి ఉంటుంది, తిరగేస్తే మూసుకోదు.

యాసిడ్‌లోనో, చింతపండులోనో నానబెడితే తెల్లగా వస్తుందంటారు. చేయొచ్చా?

ఇత్తడి జెట్టును కాసేపు చింతపండుతో తోమితే నష్టం లేదు. జింక్ బాడీని బాత్‌రూమ్ యాసిడ్‌లో వేస్తే మాత్రం లోహమే కరుగుతుంది. కాస్టిక్ సోడా అయినా అంతే, అది అల్యూమినియాన్ని కూడా తినేస్తుంది. సన్న దారులు పెద్దవవుతాయి, మరలు వదులవుతాయి. ఇసుక బ్లాస్టింగ్ కూడా వద్దు. ఒక్క రేణువు లోపలి దారిలో ఇరుక్కుంటే ఐడిలింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ నిదానంగా తిరగడం) జన్మలో కుదరదు. కార్బురేటర్ క్లీనర్, కిరోసిన్, మెత్తటి బ్రష్ సరిపోతాయి. అల్ట్రాసోనిక్ తొట్టి దొరికితే తేలికపాటి సబ్బునీళ్లలో కొద్ది నిమిషాలు వేసి తీసి, వెంటనే గాలి కొట్టి ఆరబెట్టండి.

లోపలి దారులు మూసుకుపోయాయో లేదో ఎట్లా తెలిసేది?

స్ప్రే క్లీనర్ సన్నగొట్టం ఒక రంధ్రంలో పెట్టి కొడితే ఇంకో రంధ్రంలోనుంచి ధారగా రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తే లోపల గట్టిపడిన పెట్రోలు బంక ఉంది. కళ్లజోడు తప్పనిసరి, ఎదురుగా ఉన్న రంధ్రంలోంచి సూటిగా కంట్లోకే కొడుతుంది. ఇనుప తీగ దూర్చవద్దు. ఫ్యాక్టరీలో దారులు తొలిచాక బయటి చివరను చిన్న సీసపు బిరడాతో మూసి ఉంటారు. ఎంతకీ వదలని దారికి ఆ బిరడా తీసి, శుభ్రం చేసి, కొత్తది కొట్టాలి. పనితనం ఉన్న చేతికే ఇవ్వండి.

## పనికొస్తుందా లేదా తేల్చేటప్పుడు

బటర్‌ఫ్లై షాఫ్ట్ ఊగుతా ఉంది. ఎంత ఊగితే బాగుచేయించాలి?

పాత కార్బురేటర్లలో సగం జబ్బులకు మూలం ఇదే. షాఫ్ట్ పక్కనుంచి దొంగగాలి దూరితే పెట్రోలు పాలు తగ్గుతుంది, ఐడిలింగ్ ఒకచోట నిలవదు, ఏ స్క్రూ తిప్పినా గుణం కనిపించదు. ‘ట్యూనింగ్ కుదరడం లేదు’ అని వచ్చే బండ్లలో ముందు చూడాల్సింది గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే మిక్సింగ్ స్క్రూ కాదు, షాఫ్ట్.

రేకు తీసేసి, షాఫ్ట్ కొసను వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ కదపండి. కదలిక వేళ్లకు మాత్రమే తెలిసి కంటికి కనిపించకపోతే వదిలేయవచ్చు. కంటికి స్పష్టంగా కనిపిస్తే, అంటే సుమారు 0.15 మి.మీ. దాటితే, పని చేయించాలి. తర్వాత అరిగింది షాఫ్టా, రంధ్రమా అన్నది తేల్చండి. షాఫ్ట్‌ను మైక్రోమీటర్‌తో రెండుచోట్ల కొలవండి: బాడీలో తిరిగే చోట, అసలు తాకని చోట. తేడా ఉంటే షాఫ్ట్ అరిగింది, కొత్త షాఫ్ట్‌తో సరిపోవచ్చు. తేడా లేకుండా ఊగితే రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది, బుష్ వేయాలి.

గన్‌మెటల్ లేదా కంచు బుష్ వేయడం తిరుపతి ఆటోనగర్‌లో మంచి లేత్ మనిషికి పెద్ద పని కాదు. కానీ ఒక మాట గట్టిగా చెప్పండి: రెండు వైపులా రంధ్రాలు ఒకే సెట్టింగ్‌లో, ఒకే వరసలో తొలవాలి. ఒకవైపు తొలిచి, తిప్పి బిగించి, రెండోవైపు తొలిస్తే వెంట్రుకవాసి తేడా వస్తుంది. అప్పుడు షాఫ్ట్ చల్లగా ఉన్నప్పుడు తిరుగుతుంది, వేడెక్కాక పట్టేస్తుంది. ఘాట్ రోడ్డు మలుపులో యాక్సిలరేటర్ వెనక్కి రాకపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పని అయ్యాక స్ప్రింగ్ లేకుండా షాఫ్ట్ తన బరువుకే తిరుగుతుందో లేదో చూసి, ఆ తర్వాతే డబ్బులివ్వండి.

బాడీ గోడ సన్నగా ఉండి బుష్‌కు చోటు లేకపోతే ఆ కార్బురేటర్ ఆశ వదులుకోవాలి. కార్టర్ డబ్ల్యూఓలో అడుగుభాగం పోత ఇనుము కాబట్టి ఈ పని ఇబ్బంది లేకుండా జరుగుతుంది.

ఎస్‌యూ దొరికింది. పిస్టన్ ఒకచోట, టోపీ ఇంకోచోట. కలిపి వాడొచ్చా?

అదృష్టం ఉంటే. ఎస్‌యూలో టోపీ, పిస్టన్ జంటగా సరిచేసి వదిలినవి. రెండూ ఒకదానికొకటి తాకకూడదు, మధ్య సందు ఎక్కువా ఉండకూడదు. వేర్వేరు కార్బురేటర్లలోవి అయితే పరీక్షించకుండా కొనకండి.

పరీక్ష ఇది. రెండూ పెట్రోలుతో కడిగి ఆరబెట్టండి. పిస్టన్ అడుగున ఉన్న గాలి రంధ్రాలను మైనంతో మూయండి. పిస్టన్‌ను టోపీలో పూర్తిగా పెట్టి, పైన డ్యాంపర్ (పిస్టన్ కదలికను నెమ్మదింపజేసే కడ్డీ) బిగించి, తలకిందులు చేసి పిస్టన్‌ను పట్టుకుని టోపీని వదలండి. టోపీ కిందికి జారడానికి ఒకటింబావు అంగుళం సైజుకు 3 నుంచి 5 సెకన్లు, అంతకంటే పెద్దవాటికి 5 నుంచి 7 సెకన్లు పట్టాలి. దబ్బున పడితే సందు ఎక్కువ. మధ్యలో ఆగితే సొట్ట ఉంది, లేదా మురికి ఉంది. టోపీ లోపలిభాగాన్ని ఎమరీ పేపర్‌తో రుద్దే అలవాటు కొందరికి ఉంది. ఆ జంట అంతటితో సరి.

జెట్లు ఒక్కటీ లేవు. ఏ నంబరు వేయాలి?

మీ ఇంజన్ వర్క్‌షాప్ మాన్యువల్లో ఉన్న నంబర్లే వేయాలి. సోలెక్స్ మెయిన్ జెట్టు మీద 125 అని ఉంటే సుమారు 1.25 మి.మీ. రంధ్రం అని అర్థం. మెయిన్ జెట్టు, ఎయిర్ జెట్టు, ఎమల్షన్ ట్యూబు (పెట్రోలులో గాలి కలిపే గొట్టం), పైలట్ జెట్టు (ఐడిలింగ్‌కు వాడే జెట్టు), లోపలి వెంచురీ (గాలిదారిని సన్నబరిచే ఉంగరం) అన్నీ ఒక కూటమి. వెంచురీ మీద ఉన్న నంబరు దాని లోపలి వ్యాసం మి.మీ.లలో. అది వేరే కారుదైతే జెట్లు ఎన్ని మార్చినా కుదరదు, కాబట్టి ముందు దాన్ని చూడండి.

చిన్న జెట్టును డ్రిల్లుతో పెద్దది చేసే పని వద్దు. ప్రవాహం రంధ్రం సైజు ఒక్కదాని మీదే కాదు, దాని పొడవు, అంచు వాలు మీద కూడా ఆధారపడుతుంది.

ఎస్‌యూలో నీడిల్ పాతది ఉంది. సరిపోతుందా?

ఇది నీడిల్ వాల్వ్ కాదు, పిస్టన్ కింద ఉండి జెట్టులోకి దిగే సూది. నీడిల్ పైకొసన చెక్కిన అక్షరాలను భూతద్దంతో చదివి మాన్యువల్‌తో పోల్చండి. ఒకవైపు మెరుస్తూ అరిగి ఉంటే మార్చాలి, దాంతోపాటు జెట్టు కూడా. ఎస్‌యూ పేరుతో భాగాలు ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీలో బర్లెన్ కంపెనీ ఇప్పటికీ తయారుచేస్తోంది. కాబట్టి ఎస్‌యూకు నీడిల్ లేదన్నది వదిలేయడానికి కారణం కాదు.

ఇత్తడి ఫ్లోట్‌లో పెట్రోలు చప్పుడు వస్తా ఉంది. టంకం పెట్టిస్తే చాలా?

చాలు, కానీ లోపలి పెట్రోలు పూర్తిగా పోయాకే. పెట్రోలు ఉన్న ఫ్లోట్‌కు టంకం వేడి తగిలితే చేతిలోనే పేలుతుంది.

వేడినీళ్లలో ముంచితే బుడగలు వచ్చిన చోటే రంధ్రం. అక్కడ గుర్తు పెట్టి, ఆ చోటును కిందికి ఉంచి, పెట్రోలంతా కారి ఆవిరయ్యేదాకా ఎండలో ఉంచండి. చెవి దగ్గర ఊపితే చప్పుడు, ముక్కుకు వాసన రెండూ ఉండకూడదు. టంకం చుక్కంతే ఉండాలి. టంకం ఎక్కువైతే ఫ్లోట్ బరువెక్కి లోతుగా మునుగుతుంది, గిన్నెలో పెట్రోలు మట్టం పెరుగుతుంది, ఓవర్‌ఫ్లో మొదలవుతుంది. నైలాన్ ఫ్లోట్ అయితే మార్చడమే.

ఫ్లాంజ్ వంగింది. లేత్‌లో చెక్కించొచ్చా?

మందపాటి అద్దంపలక మీద బోర్లించి ఫీలర్ గేజ్ దూర్చండి. 0.1 మి.మీ. లోపు అయితే పాకింగే సర్దుకుంటుంది. 0.3 దాకా ఉంటే అద్దం మీద 400 నంబరు ఎమరీ పేపర్ పరిచి, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దితే వస్తుంది. అంతకుమించితే మిల్లింగ్ చేయించాలి. సుత్తితో సరిచేయాలని చూడొద్దు. జింక్ వంగదు, విరుగుతుంది.

స్క్రూలు లేవు. ఎం5 స్క్రూ వేస్తే ఎక్కింది, ఉంచేద్దామా?

ఉంచొద్దు. బ్రిటిష్ 2 బీఏ స్క్రూ 4.7 మి.మీ., అమెరికన్ 10-32 స్క్రూ 4.83, మెట్రిక్ ఎం5 సరిగ్గా 5. మూడింటికీ మర దూరం 0.8 మి.మీ. దరిదాపుల్లోనే. అందుకే ఎం5 బలవంతంగా దూరుతుంది, మెత్తటి జింక్‌లో మరను కోసుకుంటూ పోతుంది. ఇక అసలు స్క్రూ ఎప్పటికీ పట్టదు. కొనేముందు అన్ని రంధ్రాల్లో మరలు చూడండి. ఒకటి రెండు పోతే హెలికాయిల్ (పాడైన రంధ్రంలో కొత్త మర ఇచ్చే తీగచుట్ట) వేయించవచ్చు. అన్నీ పోయి ఉంటే ఎవరో ఇప్పటికే చాలాసార్లు విప్పి బిగించిన సరుకన్నమాట, మిగిలిన భాగాలను కూడా అదే అనుమానంతో చూడాలి.

## లెక్క వేసేటప్పుడు

ఎంత ఖర్చు దాకా పెట్టొచ్చు?

మూడు అంకెలు ఒక కాగితం మీద రాయండి: పోయిన భాగాల ధర, లేత్ పని కూలి, అదే మోడల్ నిండుగా ఉన్న పాత కార్బురేటర్ ధర. మొదటి రెండూ కలిసి మూడోదానిలో సగం దాటితే నిండుదే కొనండి. సగమన్నది మా అంచనా. విప్పాక ఇంకో రెండు లోపాలు బయటపడటం మామూలే, మిగతా సగం వాటికి.

నిండుది ఎక్కడా దొరకని మోడల్ అయితే ఈ లెక్క పనిచేయదు. అప్పుడు మీ కారు సంగతి చూడాలి. 50 ఏళ్లు దాటిన కార్లకు 2021లో కేంద్రం విడిగా, నంబరులో వీఏ అక్షరాలుండే వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. అలాంటి కారును అసలు రూపంలో నిలబెట్టాలనుకుంటే, దానితో వచ్చిన రకం కార్బురేటర్‌కు ఎక్కువ పెట్టినా తప్పులేదు. రోజూ తిప్పే బండికైతే పనిచేసేది ముఖ్యం. విల్లీస్ జీపులకు కొత్తగా చేసిన నకలు కార్బురేటర్లు దొరుకుతాయి, తిరగడానికి అవి చాలు.

సామాన్లు ఇక్కడ దొరకతాయా, మద్రాసు పోవాల్సిందేనా?

లేత్ పని ఇక్కడే అవుతుంది. సోలెక్స్ కిట్లు, పాకింగులు, డయాఫ్రంలు పాత స్పేర్ల అంగళ్లలో అడిగి చూడండి. ఆ తర్వాత చెన్నైలో జీపీ రోడ్డు కొత్త సామాన్లకు, పుదుపేట విప్పిన పాత సామాన్లకు. చిత్తూరు నుంచి బెంగళూరు జేసీ రోడ్డు కూడా అందుబాటు దూరమే. ఏది కావాలన్నా పాత భాగం సంచిలో వేసుకుని పోండి; ఫొటో చూపితే దాదాపు అలాంటిదే అంటగడతారు.

## బిగించే ముందు

కార్బురేటర్ మీద లేని భాగాలు కూడా చూడాలా?

చూడాలి. మానిఫోల్డ్‌కూ కార్బురేటర్‌కూ మధ్య ఉండే బేకలైట్ దిమ్మ కార్బురేటర్‌తోపాటు రాదు, చాలామందికి అది ఉండాలని కూడా తెలియదు. అది లేకపోతే ఇంజన్ వేడి నేరుగా ఫ్లోట్ గిన్నెకు ఎక్కుతుంది. మే నెల ఎండలో ఘాట్ రోడ్డు ఎక్కి బండి ఆపితే గిన్నెలో పెట్రోలు మరిగి ఇంజన్‌లోకి పొంగుతుంది. పది నిమిషాల తర్వాత స్టార్ట్ కాదు. కాయిల్‌ను, ప్లగ్గులను తిట్టుకుంటూ కూర్చుంటారు. వేడి ఆపే రేకు, రిటర్న్ స్ప్రింగ్ కూడా జాబితాలో చేర్చండి.

ఇప్పటి ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకు పాత కార్బురేటర్ తట్టుకుంటుందా?

లోహం తట్టుకుంటుంది, రబ్బరు తట్టుకోదు. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బిస్తుంది, బెండు సీళ్లను పాడుచేస్తుంది, నీటిని పీల్చి జింక్‌కు తెల్లపొడి పట్టిస్తుంది. ఓ-రింగులు, నీడిల్ కొస విటాన్‌వి (ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరువి) వేయించండి. నిల్వ ఉన్న పాత కిట్ చవగ్గా వచ్చిందని కొంటే అందులోని రబ్బరు పెట్రోలు చూడకముందే గట్టిపడి ఉంటుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండటం వల్ల మిశ్రమం కాస్త పల్చబడుతుంది. ప్లగ్గు మరీ తెల్లగా కాలుతుంటే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచాల్సి రావచ్చు. నెలకు మించి నిలిపేట్టయితే గిన్నె ఖాళీ చేయండి.

బండికి ఎక్కించకముందే లీకు చూడొచ్చా?

పైమూతను తలకిందులు చేసి, ఫ్లోట్ తన బరువుతో నీడిల్‌ను నొక్కుతుండగా పెట్రోలు గొట్టంలో నోటితో మెల్లగా ఊదండి. గాలి పోకూడదు. ఫ్లోట్ ఎత్తితే పోవాలి. ఎస్‌యూ హెచ్‌ఎస్ రకానికి అదే భంగిమలో ఫ్లోట్ లివర్‌కూ మూత అంచుకూ మధ్య 3.2 నుంచి 4.8 మి.మీ. సందు ఉండాలి. తర్వాత గిన్నె నింపి, మంటకు దూరంగా, గాలాడే చోట, కాగితం మీద రాత్రంతా ఉంచండి. పొద్దున కాగితం మీద మరక ఎక్కడ ఉందో దానికి సరిగ్గా పైన వెతకండి.

బెంచి మీద కారక, బండి మీద కారితే పంపు ఒత్తిడి కొలిపించండి. ఈ పాత కార్బురేటర్లకు 2 నుంచి 4 పీఎస్‌ఐ చాలు. కొత్తరకం ఎలక్ట్రిక్ పంపు తగిలించి ఉంటే అది నీడిల్‌ను తోసేస్తుంది.

పనికిరాదని తేలింది. పాత ఇనుములో వేసేయమంటారా?

వేయొద్దు. లివర్లు, షాఫ్ట్, బిళ్ల, వెంచురీ, జెట్లు, అసలు స్క్రూలు విప్పి, నూనె రాసి, మోడల్ నంబరు రాసిన కవర్లో వేయండి. కుళ్లిన బాడీని కూడా వెంటనే పారేయకండి. రెండోది దొరికినప్పుడు ఏ గొట్టం ఎటు పోవాలో, ఏ లివర్ ఏ కోణంలో ఉండాలో చూసుకోవడానికి అది ఉపయోగపడుతుంది.